ఎర్ర బడికి ముందు రెండు బడులు

తడ,
ఆదివారం

చిరంజీవి అమ్ములుకి,

మీ అవ్వకి మోకాళ్ల నొప్పి తగ్గలేదు, నోరు మాత్రం బో చురుగ్గా ఉంది.

మద్రాసులో ట్రిప్లికేన్ పెద్ద వీధిలో ఉన్న హిందూ హైస్కూలుకి కొలతలు తీసి బొమ్మలు గీయమని మీ కాలేజీలో చెప్పారనీ, దాని చరిత్ర ఒక పేజీలో రాయమన్నారనీ చెప్పావు గదా. నువ్వు రాసిన పేజీ మీ అమ్మ ఫోన్లో చూపించింది. హెన్రీ ఇర్విన్, ఎర్ర ఇటుక, ఇండో సార్సెనిక్ శైలి, తోరణాలు, వరండాలు, అన్నీ ఉన్నాయి. తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే అది గోడల చరిత్ర. హిందూ హైస్కూలు అన్న పేరు 1897లో వచ్చింది, బడి పుట్టింది 1852లో. మధ్యలో ఉన్న 45 ఏళ్లు నీ పేజీలో ఎక్కడా లేవు. వాటి కోసమే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సగం విని 'సరే తాతా' అని పెట్టేస్తావు.

ముందు నువ్వొక సంగతి మనసులో పెట్టుకో. ఆ బడి మొదట ఒక బడి కాదు, రెండు. తమిళ పిల్లలకి ద్రావిడ పాఠశాల, తెలుగు పిల్లలకి హిందూ ఆంధ్ర బాలుర పాఠశాల. రెండూ 1852లో పెట్టినవే. ఆ తర్వాత రెండూ కలిసిపోయి ట్రిప్లికేన్ ఆంగ్లో వర్నాక్యులర్ స్కూలు అయింది. అదే 1897లో హిందూ హైస్కూలు. అంటే నువ్వు టేపు పట్టుకుని కొలుస్తున్న ఆ బడికి సగం పునాది తెలుగువాళ్లది. ఇది చెప్పి గొప్పలు పోవాలని కాదు. చరిత్ర రాసేటప్పుడు సగం మంది కనపడకుండా పోతే ఆ చరిత్ర మీద నాకు నమ్మకం కుదరదు, అంతే.

రెండు బడులు ఎందుకు పెట్టాల్సొచ్చిందో తెలియాలంటే అంతకు ముందు చదువు ఎట్టా ఉండేదో కొంచెం చూడాలి. అప్పట్లో బడి అంటే ఎవరింటి అరుగో, గుడి మండపమో. పిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దేవాళ్లు, తర్వాత తాటాకు, గంటం. మన్రో దొర గవర్నరుగా ఉన్నప్పుడు 1822లో కలెక్టర్లందరికీ జాబులు రాసి ఈ బడుల లెక్కలు తెప్పించాడు. 1826లో ఆయన రాసిన నివేదిక ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీలో బడులు 12,498, చదివే పిల్లలు సుమారు 1,88,000. ఆడపిల్లలు మాత్రం అందులో చాలా తక్కువ. నీలాంటి పిల్ల 1852లో ఆ బాలుర పాఠశాల గడప తొక్కగలిగేది కాదు. ఇప్పుడు నువ్వు దాని గడపకే కొలతలు వేస్తున్నావు. ఈ మాట మీ అవ్వకి చెబితే నవ్వి, 'కొలిచినంత మాత్రాన ఏమొస్తాదిలే, పని ఇస్తారా' అంది.

ఆ వీధి బడుల చదువు మీద మనవాళ్లకే అసంతృప్తి ఉండేది. వెన్నెలకంటి సుబ్బారావు అని ఒకాయన ఉండేవాడు. ఒంగోలు ప్రాంతం మనిషి, మద్రాసులో సదర్ అదాలత్ కోర్టులో అనువాదకుడు. ఇంగ్లీషులో తన జీవిత చరిత్ర రాసుకున్న తొలి తెలుగువాడుగా ఆయన్ని చెప్పుకుంటారు. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి ఆయన ఒక నివేదిక రాసిచ్చాడు. పిల్లలు అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారన్నది ఆయన బాధ. నేను పంతులు పనిలో ఉన్నన్నాళ్లూ ఆ బాధే పడ్డాను. రెండు వందల ఏళ్లయినా ఆ ఫిర్యాదు ముసలిదైపోలేదు.

ఇంతలో మిషనరీలు వచ్చారు. స్కాట్లండు నుంచి వచ్చిన జాన్ ఆండర్సన్ 1837లో మద్రాసులో ఇంగ్లీషు బడి తెరిచాడు. దాని కొమ్మలు ట్రిప్లికేన్‌లోనూ, మన నెల్లూరులోనూ కూడా పెట్టారు. చదువు బాగుంది, చేరే పిల్లలూ ఉన్నారు. కానీ ఇద్దరు ముగ్గురు పిల్లలు మతం మారేసరికి ఊరంతా గగ్గోలు. 1846లో గవర్నరు ట్వీడేల్ దొర సర్కారు చదువుల్లో బైబిల్ కూడా పెట్టాలన్నాడు, అది ఇంకో దుమారం. మతం మారిన మొదటి గొడవప్పుడే ఊళ్లో పెద్దలకి తట్టింది, ఇంగ్లీషు కావాలి, పిల్లవాడూ మన చేతిలోనే ఉండాలి అని. అట్టా పుట్టిందే పచ్చయ్యప్ప బడి, 1842లో. పచ్చయ్యప్ప చనిపోయింది 1794లో. ఆయన వీలునామా డబ్బు ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి, చివరికి బడి అయింది. చైనా బజారులో ఏథెన్స్ గుడిని చూసి కట్టిన పచ్చయ్యప్ప హాలు 1850లో తెరిచారు. ఇప్పుడు ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు అంటున్నారు, అటు పోయినప్పుడు ఆ స్తంభాలు చూడు. కట్టడం పని నేర్చుకునేవాళ్లు చూడాల్సినది.

1852 ఊరికే తగిలిన సంవత్సరం కాదు. అదే ఏడు గాజుల లక్ష్మీనరసు చెట్టి మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టాడు. ఆయన తెలుగువాడు, 1844 నుంచి క్రెసెంట్ పత్రిక నడుపుతున్నవాడు. కంపెనీ పాలన మీద ఫిర్యాదులు ఏకంగా లండన్ పార్లమెంటుకే పంపిన మనిషి. అట్టాంటి గాలి వీస్తున్నప్పుడే ట్రిప్లికేన్‌లో మీసాల పార్థసారథి గుడి చుట్టుపక్కల కాపురాలున్న తెలుగు కుటుంబాలూ, తమిళ కుటుంబాలూ ఎవరి పిల్లలకి వాళ్లు బడి పెట్టుకున్నారు.

తర్వాత కలిశారు. ఎందుకు కలిశారు? ఐకమత్యం, సోదరభావం అని మీ పుస్తకాల్లో రాస్తారేమో. నా ఊహ వేరు. 1854లో వుడ్ దొర ఉత్తర్వు వచ్చింది, సర్కారు ప్రైవేటు బడులకి గ్రాంటు ఇస్తానంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పెట్టారు, మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చింది. పరీక్ష ఇంగ్లీషులో. రెండు చిన్న బడులు విడివిడిగా ఇంగ్లీషు చెప్పే అయ్యవారిని తెచ్చుకుని జీతం ఇవ్వడం కంటే, ఒక గొడుగు కిందకి చేరి సొంత భాష క్లాసుకి మాత్రం విడిపోవడం చవక. అవసరం కలిపిందని నేను అనుకుంటాను. అవసరం కలిపితే తక్కువేం కాదు. మన తడలో తెలుగు తమిళం కలిసి బతకడానికి కూడా పెద్ద సిద్ధాంతాలేం అక్కర్లేకపోయింది. చేపల బేరం ఏ భాషలో కుదిరితే ఆ భాష మాట్లాడారు.

ఆ ఆంగ్లో వర్నాక్యులర్ స్కూలుకి 1879లో హెడ్మాస్టరుగా వచ్చినాయన జి. సుబ్రహ్మణ్య అయ్యర్. అంతకు ముందు ఏడాది, 1878 సెప్టెంబరు 20న, ఆరుగురు కుర్రవాళ్లు ది హిందూ పత్రిక పెట్టారు. ఒక రూపాయి పన్నెండణాలు అప్పు తెచ్చి 80 కాపీలు అచ్చు వేశారు. ఆ ఆరుగురిలో ఈయనొకడు, మొదటి సంపాదకుడు. అదే ఆరుగురిలో న్యాపతి సుబ్బారావు పంతులు ఇంకొకరు. అప్పట్లో లా చదువుతున్న కుర్రాడు, తర్వాత రాజమండ్రిలో ఆంధ్ర భీష్ముడు అనిపించుకున్నాడు. పత్రిక పేరూ, బడి పేరూ ఒకేలా ఉండేసరికి చాలామంది బడి పత్రికవాళ్లదనుకుంటారు. నువ్వు అట్టా రాయబాకు. సంబంధం ఉన్నది మనుషుల ద్వారా, యాజమాన్యం ద్వారా కాదు.

ఆ తర్వాత కాలంలో వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి హెడ్మాస్టరు. ఆయన ఇంగ్లీషుకి తెల్లదొరలే తలలు ఊపేవాళ్లు. ఆయన గురించి ఎవరైనా ఉపన్యాసాలే చెబుతారు. నాకు నచ్చింది వేరే. 1904లో ట్రిప్లికేన్‌లో అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ పెట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. బియ్యం, పప్పు, నూనె సరసమైన ధరకి, సరైన తూకంతో అందించే దుకాణం. మద్రాసులో టి.యు.సి.ఎస్. అని ఇప్పటికీ ఉంది. బడి పంతులు సాయంత్రం పూట పప్పు ధర గురించి ఆలోచించాడు చూడు, అది నాకు ఆయన ఉపన్యాసాలన్నిటి కంటే పెద్దదిగా కనపడుతుంది. 1907లో గోఖలే గారి సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో చేరి ఆయన బడి పనికి స్వస్తి చెప్పాడు.

ఇక చంద్రశేఖర్ సంగతి నీకు తెలిసే ఉంటుంది, నక్షత్రాల లెక్కలకి 1983లో నోబెల్ వచ్చినాయన. పన్నెండో ఏడు వరకు ఇంట్లోనే చదివి, 1922 నుంచి 1925 వరకు ఈ బడిలో చదివాడు. నీ పేజీలో ఆయన పేరు ఉంది, కమల్ హాసన్ పేరూ ఉంది. పేర్లు చాలు. కాకపోతే ఒక ముడి ఉంది, అది నాకు భలే ఇష్టం, చెబుతాను విను.

ఈ ఎర్ర కట్టడం గీసిన ఇర్విన్ సిమ్లాలో వైస్రాయి భవనం గీశాడు, మైసూరు రాజభవనం గీశాడు. మద్రాసులో ఆయన గీసినవాటిలో చాలా కట్టడాలు నిలబెట్టిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. ఇంటిపేరు చూశావు గదా. కన్నెమరా లైబ్రరీ, బ్యాంక్ ఆఫ్ మద్రాస్, విక్టోరియా మెమోరియల్ హాలు ఆయన చేతి పనులు. గీసినవాడి పేరు పలకల మీద ఉంటుంది, కట్టించినవాడి పేరు వెతుక్కోవాలి, ఇటుక మోసినవాళ్ల పేర్లు ఎట్టాగూ దొరకవు. ఆ నంబెరుమాళ్ చెట్టి చేట్‌పట్‌లో తన ఇంటిని జబ్బు పడ్డ ఒక గణిత పండితుడికి ఉండడానికి ఇచ్చాడు. ఆ పండితుడు రామానుజన్. 1920 ఏప్రిల్ 26న ఆ ఇంట్లోనే కన్ను మూశాడు. పదహారేళ్ల తర్వాత, 1936లో, కేంబ్రిడ్జి నుంచి గణిత పండితుడు హార్డీ, రామానుజన్‌ది మంచి ఫోటో ఒకటి కావాలని అడిగితే, రామానుజన్ భార్య జానకమ్మ గారిని కలిసి పాస్‌పోర్టు మీది ఫోటో సంపాదించి పంపింది మన చంద్రశేఖర్. ఇవాళ ప్రపంచమంతా చూసే రామానుజన్ ముఖం ఆ ఫోటోదే. మద్రాసు అప్పట్లో అంత చిన్న ఊరు. ఎవరి చరిత్ర లాగినా ఇంకొకరి చరిత్ర వచ్చేది.

ఇప్పుడు నీ పనిలోకి వస్తాను. నేను ఇంజినీర్ని కాను, అయినా మన పక్క సంగతి ఒకటి మీ ప్రొఫెసర్లకి తెలియకపోవచ్చు. ఆ కాలం మద్రాసు కట్టడాలకి సిమెంటు లేదు. అంతా సున్నమే, అందులోనూ గుల్ల సున్నం. మన పులికాట్ సరస్సులో గుల్ల ఏరి పడవలకెత్తేవాళ్లు, బకింగ్‌హామ్ కాలువ మీద అది మద్రాసు చేరేది. శ్రీహరికోట అడవిలో వంటచెరుకూ, ఉప్పూ అట్టాగే పోయేవి. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్విన కాలువ అది. తర్వాత పొడిగిస్తూ పోయి, 1876-78 కరువులో కూలి పని కింద జనం చేత తవ్వించి ముడులు కలిపారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ గనక ఆ పేరు. నువ్వు తిరువల్లికేణి స్టేషన్లో దిగినప్పుడు కింద నల్లగా కనపడేది అదే కాలువ. కంపుకి ముక్కు మూసుకుంటావు, మూసుకో. కానీ అది మనూరి వైపు నుంచి వచ్చిన నీటి దారి అని గుర్తుంచుకో. ఆ బడి గోడల్లో మన గుల్ల ఉందని చెప్పడానికి నా దగ్గర కాగితం లేదు, అందుకని నువ్వూ రాయొద్దు. ఆ కాలపు మద్రాసు గోడలకి సున్నం ఎట్టా వచ్చేదో మాత్రం రాయి.

డంగు సున్నానికి బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లు. నున్నటి మద్రాసు పూతకి కోడిగుడ్డు సొన కూడా. ఆ గోడ ఊపిరి పీలుస్తుంది, వానకి తడిసి ఎండకి ఆరుతుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక, ఉప్పు పేరుకుని, ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. సముద్రానికి అంత దగ్గర్లో ఉన్న కట్టడానికి ఇది ఇంకా ప్రమాదం. నేను పనిచేసిన ఒక పాత బడికి 'మరమ్మతు' అని సిమెంటు కొట్టారు. గోడ పదేళ్లు తిరగకముందే బొబ్బలెక్కింది. కాబట్టి కొలతలు తీసేటప్పుడు ఎక్కడెక్కడ సిమెంటు అతుకులు ఉన్నాయో ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టు. తోరణం బొమ్మ అందరూ గీస్తారు, అతుకుల పటం ఎవరూ గీయరు. పైకప్పు కూడా చూడు. అప్పటి మద్రాసు టెర్రస్ అంటే టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా, ఏటవాలు వరసలో పేర్చి పైన సున్నపు కాంక్రీటు వేసేవాళ్లు. ఈ బడిలో ఎక్కడైనా అది మిగిలుంటే ఫోటోలు గట్టిగా తియ్యి. ఆ పని తెలిసిన మేస్త్రీలు రోజురోజుకీ తగ్గిపోతున్నారు.

వారసత్వ జాబితా గురించి కూడా నీ పేజీలో ఒక వాక్యం రాసి వదిలేశావు. ఆ జాబితా ఎట్టా వచ్చిందో తెలుసా? ఎవరో కట్టడాల మీద ప్రేమతో కూర్చుని రాసింది కాదు. నగరంలో ప్రకటనల హోర్డింగుల మీద కేసు. పాత కట్టడాల ముందు హోర్డింగులు పెట్టకూడదంటే ముందు ఏవి పాత కట్టడాలో తేలాలి గదా. ఆ కేసులో మద్రాసు హైకోర్టు జస్టిస్ పద్మనాభన్ కమిటీ వేయించింది, అందులోంచి 460కి పైగా కట్టడాల జాబితా వచ్చింది. 2012లో తమిళనాడు ప్రభుత్వం వారసత్వ కమిషన్ చట్టం కూడా చేసింది. జాబితా ఉండడం మంచిదే, లేనప్పుడు ఏమైందో నేను చూశాను. నువ్వు సూళ్లూరుపేట లోకల్లో దిగే చోటుని మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అంటారు గదా. అక్కడ నిజంగానే మూర్ మార్కెట్ ఉండేది. పాత పుస్తకాలకి నా జీతంలో సగం అక్కడే పోయేది. మీ అవ్వ ఇప్పటికీ దెప్పుతుంది. 1985 మే 30న కాలిపోయింది. ఇప్పుడు మిగిలింది రైల్వే బోర్డు మీద పేరు.

అయితే జాబితా ఇటుకని కాపాడుతుంది, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఇటుక జోలికి పోయేవాడిని ఆపుతుంది. లోపల బడి నడవకపోతే అదేం చేయలేదు. మన నెల్లూరులో వెంకటగిరి రాజావారి పేరు మీదున్న వి.ఆర్. హైస్కూలు ఎంత పేరున్న బడి! మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు చదివింది అక్కడే. అట్టాంటిది మూతపడింది. బాగు చేయించి 2025 జులైలో మళ్లీ తెరిచారు. పిల్లల్ని చేర్చడానికి జనం క్యూ కట్టారని పేపర్లో చదివి నాకు ఆ రోజంతా సంతోషంగా ఉండింది. ట్రిప్లికేన్ బడి చేసిన గొప్ప పని నూట డెబ్భై ఏళ్లకి పైగా పిల్లలు వచ్చి పోతూ ఉండడం. నీ పేజీలో అది మొదటి వాక్యం కావాలి, ఇర్విన్ తర్వాత వస్తాడు.

ఇక తెలుగు సగం ఏమైందన్నది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు తమిళుల వైపు పోయింది. పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచింది ఆ ఊళ్లోనే, మైలాపూరులో. 1960 ఏప్రిల్ 1న ఇంకోసారి గీతలు జరిపారు, తిరుత్తణి అటు, సత్యవేడు ఇటు. నేను అప్పటికి చిన్నవాణ్ణి. పెద్దవాళ్లు రచ్చబండ మీద కూర్చుని, ఏ చుట్టం ఏ రాష్ట్రంలో పడ్డాడో లెక్కలు వేసుకునేవాళ్లు. మద్రాసులో మిగిలిన తెలుగువాళ్లు మెల్లగా ఇంట్లో తెలుగు, బయట తమిళం అయ్యారు. 2006లో అక్కడ తమిళం నేర్చుకోవడం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక తెలుగు బడులకి ఇంకా కష్టమైంది. ఆ ఊళ్లో బతికే పిల్లలకి తమిళం రావాలనడంలో నాకు అభ్యంతరం లేదు, నాకే వచ్చు. తెలుగు చెప్పే అయ్యవారి కుర్చీ ఖాళీ అయితే అడిగేవాళ్లు లేకపోవడమే నా బాధ. 1852లో ఆ కుర్చీ ఉండబట్టే సగం బడి వెలిసింది.

అందుకని నీకు నాలుగు పనులు చెబుతాను, కోపం తెచ్చుకోబాకు. హెడ్మాస్టరు గారిని మర్యాదగా అడిగి పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్నాయేమో కనుక్కో. మాతృభాష గడి ఉంటే, తెలుగు అని రాసినవి ఏ ఏడు దాకా ఎక్కువగా ఉన్నాయో, ఎప్పుడు పలచబడ్డాయో చూడు. పేర్లు రాసుకోవద్దు, అవి ఎవరి ఇంటి పేర్లో, మనకెందుకు. అంకెలు చాలు. గోడల మీద శిలాఫలకాలు ఏ ఏ భాషల్లో ఉన్నాయో గీసుకో. సున్నం కొట్టి కప్పేసినవి ఉంటాయి, పక్క నుంచి టార్చి వేస్తే అక్షరాలు లేస్తాయి. వాచ్‌మన్‌తో, ఆయాతో మాట్లాడు, ఏ గది కారుతుందో వాళ్లకి తెలిసినంత మీ ప్రొఫెసరుకి తెలియదు. ఇవన్నీ ఒక పేజీలో పట్టకపోతే రెండో పేజీ రాయి. ఒక పేజీ అన్నారని మార్కులు కోస్తే కోసుకోనీ.

ఈ శనివారం వస్తానన్నావు. సాయంత్రం లోకల్ అయితే ఆరంబాకం దాటాక నిద్ర పోబాకు, పోయినసారి సూళ్లూరుపేటలో తేలావు. నీ బొమ్మల కట్ట తీసుకురా, పెద్ద అట్టలో పెట్టి, మడత పెట్టకుండా. అతుకుల పటం ముందు చూస్తాను. మీ అవ్వ రొయ్యపొట్టు వేయించి డబ్బాలో పెట్టింది. హాస్టల్లో వాసనని నువ్వు ఎంత మొత్తుకున్నా తిరిగి పోయేటప్పుడు నీ సంచిలో పడడం ఖాయం.

ఇట్లు,
మీ తాత